ఎసరవ్వ మెచ్చిన నీళ్ళు

మొన్న మా వీధిలో పంచాయతీవాళ్ళు చేతిబోరు వేశారు. మరునాడు పొద్దున్నే పక్కింటి కోడలు మొహం చేటంత చేసుకుని నా గుమ్మంలోకి వచ్చింది.

"అత్తా, కొత్త బోరు నీళ్ళు ఎంత బాగున్నాయనుకున్నావ్! ఎసట్లో కందిపప్పు ఇట్ల వేసినానో లేదో, వెన్నమాదిరి అయిపోయింది. ఇన్నాళ్ళు ఆ పాతబావి నీళ్ళతో పొయ్యి ఊది ఊది నా కళ్ళు పోయినాయి" అంది.

చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. "ఆ నీళ్ళు పిల్లకాయలకు పట్టినావా?" అని అరిచాను. ఆ పిల్ల బిత్తరపోయింది. సంబరంగా నాలుగు మాటలు చెప్పుకుందామని వస్తే ఈ ముసల్ది మీదపడి కరవవచ్చిందేమిటని అనుకుని ఉంటుంది. అనుకోనీ. వాళ్ళాయన్ని కూడా పిలిపించాను. ఆ నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు పంపాలని, జవాబు వచ్చేదాకా చుక్క నోట పోసుకోవద్దని గట్టిగా చెప్పాను. వాళ్ళు తలూపి వెళ్ళారు. ఇన్నేళ్ళయినా ఆ మాట వింటే నేను ఇట్లాగే అయిపోతాను. పప్పు బాగా ఉడికిందని ఎవరైనా అంటే నాకు ఎసరవ్వ గుర్తొస్తుంది.

ఆమె అసలు పేరు నాకు తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలుసునని కూడా అనుకోను. మా పుట్టినూరు మార్కాపురానికీ దొనకొండకూ నడుమ ఉన్న మెట్ట పల్లె. అప్పట్లో మాది మదరాసు ప్రభుత్వం, రెండో పెద్ద యుద్ధం ఇంకా రాలేదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క దుకాణం మా నాయనది. ఆమె మా దుకాణానికి ఎదురుగా ఉండే గొర్రెలు కాసేవాళ్ళ ఇంటి కోడలు. నాకు బుద్ధి తెలిసేనాటికే అవ్వ అయిపోయింది. సన్నగా, కందికట్టెలాగ ఉండేది. గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది.

మా వైపు నీళ్ళు పడటమే గొప్ప. పడినా, పడిన నీళ్ళను వెంటనే తాగే అలవాటు లేదు. కొత్త బావిలో ఊట కనబడగానే ఎసరవ్వకు కబురు వెళ్ళాల్సిందే. ఆమె రావాలి, ఆ నీళ్ళతో పప్పు వండి చూడాలి, తాగొచ్చని చెప్పాలి. అప్పటిదాకా బావి తవ్విన వడ్డెవాళ్ళు కూడా ఒంటినిండా బురదతో గట్టు మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. ఆ విద్య ఆమెకు వాళ్ళ అత్తగారి దగ్గరనుంచి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళనుంచి బండ్లు కట్టుకుని వచ్చి మరీ తీసుకుపోయేవాళ్ళు.

ఆమె చంకలో మసిపట్టిన మట్టిదుత్త ఉండేది. దాన్ని ఎవరినీ తాకనిచ్చేది కాదు. మా దుకాణానికి వచ్చి, "ఏం సెట్టీ, ఈ పొద్దన్నా పుచ్చులేని పప్పు ఇస్తావా, లేకపోతే పురుగుల్ని ఉడకబెట్టుకోమంటావా?" అని మా నాయనను ఆటపట్టించి గుప్పెడు కందిపప్పు చెంగున కట్టుకునేది. బావి దగ్గర మూడు రాళ్ళు పెట్టి కందికంప మంట వేసేది. ఇక ఆ మంటతో తగాదా. "మండవే, నీ మొగం మండ! సత్తన్నావా బతుకుతన్నావా?" అని పొయ్యిని తిట్టినట్టు నేను ఎవరూ ఎవరినీ తిట్టగా వినలేదు.

ఎసరు మరిగి పప్పు పడ్డాక ఆమె వేరే మనిషి అయ్యేది. దుత్త మీదికి వంగి చెవి పెట్టేది. ఆవిరి తగిలి చెంప ఎర్రబడినా కదిలేది కాదు. ఎవరైనా దగ్గితే చాలు, "నోళ్ళు ముయ్యండ్రా! పప్పు ఏమంటందో ఇననీండి" అని కసురుకునేది. పప్పు గలగలమంటే ఇంకా బిగుసుకుని ఉన్నట్టట, గుసగుసమంటే మెత్తబడినట్టట. తరువాత ఒక్క గింజ తీసి ఎడమచేతి వెనకవైపు పెట్టుకుని బొటనవేలితో నొక్కేది. గింజ పసుపు పూసినట్టు పరుచుకుంటే, "తాగండి నాయనా. దేవుడిచ్చిన నీళ్ళు" అనేది. గింజ నలగకుండా జారిపోతే దుత్త అక్కడే కుమ్మరించి, "పైరుకు పెట్టుకోండి, గొడ్లకు పెట్టుకోండి. బిడ్డలకు మాత్రం వద్దు" అని లేచేది. అప్పులు చేసి తవ్వించిన రైతు గొల్లుమని ఏడ్చినా ఆమె మాట మారేది కాదు. నీళ్ళు మంచివైతే మాత్రం ఆ పప్పులో ఉప్పు వేసి, వడ్డెవాళ్ళతో కలిసి గట్టు మీదే తినేది. అంతకు మించి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు.

ఒకసారి నేను అడిగాను. "ఇంత తతంగం ఎందుకవ్వా, పుక్కిలించి చూస్తే తెలియదా?" అని.

"నోటిని నమ్మొద్దమ్మీ. ఎండనపడి వచ్చినోడికి మురిక్కాలవ కూడా తియ్యగానే ఉంటది. పప్పుకు దప్పిక లేదు గదా, అది ఉన్నదే చెప్తది" అంది.

చిన్నదాన్ని కదా, ఆ తెలివికి మురిసిపోయాను. ఆమె చెప్పిందాంట్లో అబద్ధం ఏమీ లేదు. పప్పు ఉన్నదే చెప్పింది, మేమే దాన్ని వేరే ప్రశ్న అడిగామని ఎవరికి తెలుసు?

మా ఊరి నడుమ ఉన్న మంచినీళ్ళ బావి ఎసరవ్వ తొలిసారి మెచ్చిన బావి. అప్పుడు ఆమె పడుచుదట, కొడుకు చంకలో ఉన్నాడట. ఆ బావి నీళ్ళలో పప్పు పడితే చాలు, కరిగిపోయేది. పెళ్ళిళ్ళకు పక్క ఊళ్ళవాళ్ళు బండ్ల మీద పీపాలు తెచ్చుకుని పట్టుకుపోయేవాళ్ళు. మా ఊరికి పిల్లనిస్తే కట్టెల బాధ ఉండదని సంబంధాలు మాట్లాడేవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఊరికి దక్షిణాన ఉన్న దిగువపల్లె వాళ్ళకు మాత్రం ఆ బావిలో చేద వేసే హక్కు లేదు. ఆ రోజుల అన్యాయం అది, మాకు అన్యాయంగా కూడా తోచలేదు. వాళ్ళకు వాళ్ళ పల్లెలోనే ఒక పాతబావి ఉండేది. సవ్వనీళ్ళు. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, పప్పు పొద్దంతా ఉడికినా పలుకు పలుకుగానే ఉంటుంది.

మా ఊరివాళ్ళ పళ్ళకు గోధుమరంగు చారలుండేవి. కంభం సంతలో మాలో ఎవరైనా నవ్వితే, "మీది ఫలానా ఊరు గదా?" అని అడిగేవాళ్ళు. మేం దానికి సిగ్గుపడలేదు, అదొక ఊరి గుర్తు అనుకున్నాం. నా పళ్ళూ అంతే. నా పెళ్ళిచూపుల్లో మా అమ్మ నన్ను నోరు మూసుకుని నవ్వమంది. నోరు మూసుకుని ఎట్లా నవ్వుతారో మా అమ్మకే తెలియాలి. పళ్ళ సంగతి అట్లా ఉంచితే, మగవాళ్ళు నడివయసు రాకముందే బిగుసుకుపోయేవాళ్ళు. మెడ తిరగదు, నడుం లేవదు. దానికి వాతమని పేరు పెట్టి ఆముదం రాసుకునేవాళ్ళం.

అందరికన్నా అన్యాయమైపోయినవాడు ఎసరవ్వ కొడుకు. ఆమెకు అతనొక్కడే. నాకు తెలిసేసరికి సగానికి వంగిపోయాడు. తల కిందికి దించుకునే ఉండేవాడు, ఎత్తలేడు. ఎదురొచ్చిన మనిషిని కాళ్ళను చూసి గుర్తుపట్టేవాడు. నేను అత్తవారింటినుంచి వచ్చినప్పుడల్లా, "ఏమ్మా, గిద్దలూరు నుంచి ఎప్పుడొచ్చినావు?" అని నా పాదాలను చూసి పలకరించేవాడు. పిల్లనెవరిస్తారు? ఇంటిదగ్గర నాలుగు గొర్రెపిల్లల్ని మేపుకుంటూ, ఉన్ని వడుకుతూ ఉండేవాడు. మా మెట్టలో మనిషన్నవాడు రోజుకు ఎన్నిసార్లు మబ్బు వైపు చూస్తాడో లెక్కలేదు. అతను మబ్బు చూడాలంటే నేల మీద పక్కకు పడుకోవాల్సి వచ్చేది. ఆషాఢంలో వీధి నడుమ మట్టిలో పడుకుని ఆకాశం చూస్తూ, "పడమట నల్లగా ఉంది మా, వస్తాదేమో" అని తల్లికి చెప్పేవాడు. మనిషి మెత్తన. గట్టిగా మాట్లాడగా నేనైతే వినలేదు.

కొడుకు కోసం ఆమె పడని పాటు లేదు. తెల్లవారగానే ఎవరూ చేద వెయ్యకముందే మంచినీళ్ళ బావిలో తొలి బిందె తోడేది. ఆ నీళ్ళు గోరువెచ్చగా కాచి చెంబుడు తాగించేది. వద్దన్నా వదిలేది కాదు. "తాగు నాయనా, ఇట్టాంటి నీళ్ళు తాగబట్టే నువ్వు ఈ మాత్రమన్నా నడుస్తన్నావు" అనేది. ఈ మాట నేను చెవులారా ఎన్నోసార్లు విన్నాను.

నేను తొలి కానుపుకు పుట్టింటికి వచ్చిన ఏడు, మదరాసు నుంచి ఒక డాక్టరు వచ్చాడు. దొనకొండలో రైలు దిగి, గడ్డి పరిచిన పెట్టెల్లో ఖాళీ సీసాలు పెట్టుకుని ఎద్దులబండిలో వచ్చాడు. మా దుకాణం వెనక గదిలో దిగాడు. మందులేమీ తేలేదు. ఊళ్ళో అందరినీ నిలబెట్టి "నవ్వండి" అనేవాడు. ఊరిపెద్ద రెడ్డిగారికి కోపం వచ్చింది. "ఏందయ్యా, ఉత్తపుణ్యానికి ఎందుకు నవ్వాల?" అన్నాడు. పళ్ళు చూశాక గడ్డం గుండెకు ఆనించమనేవాడు, గొంతుక్కూర్చుని లెమ్మనేవాడు. సగంమందికి చేతకాలేదు. చేతకానివాళ్ళను చూసి చేతనైనవాళ్ళు నవ్వారు. అదేదో కవాతు అనుకున్నాం. ప్రతి బావిలోనూ నీళ్ళు పట్టి సీసాల మీద కాగితాలు అంటించుకున్నాడు. దిగువపల్లెకు కూడా పోయాడు. ఊళ్ళో మొహాలు మాడినా ఆయన పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం మా నాయనతో, "దిగువపల్లెలో ముసలివాళ్ళు కూడా గడ్డం ఆనించారండీ" అన్నాడు.

"కూలి చేసుకునేవాళ్ళు, వాళ్ళ ఒళ్ళు వంగుతాది లెండి" అన్నాడు మా నాయన.

ఎసరవ్వకు ఆ డాక్టరంటే మహా ఇష్టం పుట్టింది. ఆయనకూ అంతే. ఒకరోజు ఆమె తన వాకిట్లో రాళ్ళు పెట్టి, మంచినీళ్ళ బావి నీళ్ళతో పప్పు వేసి, ఆయన్ను పిలిచి చెవి పెట్టమంది. అంతటి మనిషి ప్యాంటుతో మోకాళ్ళ మీద కూర్చుని దుత్త దగ్గర చెవి పెట్టాడు. "అవునమ్మా, గుసగుసమంటోంది" అన్నాడు చిన్నపిల్లవాడిలా. ఆమె మురిసిపోయింది.

"దిగువపల్లె నీళ్ళలో ఇలా ఉడకదా అమ్మా?" అని అడిగాడు.

"ఏడ ఉడుకుతాది నాయనా! రాళ్ళు నమిలినట్టు నమలాల్సిందే. పాపం, వాళ్ళ రాత. మా బావిలో చేద వెయ్యనియ్యరు గదా" అంది. జాలిపడే అంది.

డాక్టరు ఆ మాట కూడా కాగితం మీద రాసుకున్నాడు. తరువాత సీసాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

నా బిడ్డ బోర్లాపడే వేళకు ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి బండి దిగినప్పుడే మొహంలో నవ్వు లేదు. మా దుకాణం అరుగు మీద రెడ్డిగారు, నాలుగిళ్ళ పెద్దలు కూర్చున్నారు. నేను బిడ్డను ఒళ్ళో వేసుకుని తలుపు వెనక ఉన్నాను. ఎసరవ్వ మెట్ల పక్కన కూర్చుంది. కొడుకు గొర్రెపిల్లలతో బయటికి పోయి ఉన్నాడు.

"మీ మంచినీళ్ళ బావిలో విషం ఉందండీ" అన్నాడు డాక్టరు.

ఎవరో కలిపారనుకుని రెడ్డిగారు కర్ర పట్టుకుని లేచాడు. డాక్టరు ఆయన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఎవరూ కలపలేదట. భూమి లోపలి రాళ్ళలో ఫ్లోరిన్ అనే పదార్థం ఉంటుందట. అది ఊటలో కరిగి వస్తుందట. వాసన లేదు, రంగు లేదు, రుచి లేదు. ముందు పళ్ళను పడుతుంది, తరువాత ఎముకల్లో చేరి వాటిని అతికినట్టు బిగిస్తుంది. మీరు వాతమనేది ఇదేనన్నాడు. వంగినవాళ్ళను నిలబెట్టే మందు లేదన్నాడు. పాలపళ్ళు ఊడని పిల్లల్నైనా కాపాడుకొమ్మన్నాడు. ఈ మాట వినేసరికి నా చేయి తనంతట తనే వెళ్ళి నా బిడ్డ నోటి మీద పడింది.

"మరి దిగువపల్లె వాళ్ళకెందుకు లేదయ్యా ఈ రోగం?" అన్నాడు మా నాయన.

"వాళ్ళ నీళ్ళలో సున్నం ఉంది. పప్పును ఉడకనివ్వనిది ఆ సున్నమే. అదే ఈ విషాన్ని కూడా నీళ్ళలో కరగనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మీ బావిలో సున్నం లేదు. అందుకే పప్పు మెత్తగా ఉడుకుతుంది, అందుకే విషమూ నిండుగా ఉంది" అని, ఆయన పాపం ఏమీ తెలియకుండా, "ఈ బావి తాగడానికి బాగుందని మొదట ఎవరన్నారోగాని, రుచి చూసి మోసపోయి ఉంటారు" అన్నాడు.

ఎసరవ్వ లేచి నిలబడింది.

"రుచి చూసి కాదు నాయనా, పప్పు ఉడికించి చూసి" అంది.

డాక్టరుకు అప్పుడు అర్థమైంది. ఆమె ఇంకొక్కటి అడిగింది. "ఇది ఎప్పటినుంచి ఉందంటావు?"

"బావి తవ్విన నాటినుంచీ ఉన్నట్టేనమ్మా."

పొయ్యిని అన్ని తిట్లు తిట్టే మనిషి నోటినుంచి ఒక్క తిట్టు రాలేదు. దుకాణం మెట్లు ఎక్కడున్నాయో తెలియనట్టు కాలు గాలిలో పెట్టింది. నేను బిడ్డను చంకన వేసుకుని పరుగెత్తి పట్టుకోకపోతే పడిపోయేది. ఇంటిదాకా తీసుకుపోయాను. గుమ్మంలో ఆగి, నా మణికట్టు పట్టుకుంది. గాజులు చిట్లాయి.

"వాడికి చెప్పొద్దమ్మీ. నీ బిడ్డ మీద ఒట్టు, మా వాడికి చెప్పొద్దు."

"తెలిస్తే ఏమంటాడవ్వా? నువ్వు కావాలని చేసినావా?"

"తిడితే పడతా. కొట్టినా పడతా. వాడు ఏమీ అనడు. అదేనమ్మీ నాకు భయం" అంది.

ఊరు మాత్రం మారలేదు. డాక్టరు వాగులో చెలమలు తవ్వుకుని ఆ నీళ్ళు తాగండన్నాడు, లేదా దిగువపల్లె బావి నీళ్ళు తెచ్చుకోండన్నాడు. ఇంకేముంది, రెడ్డిగారు మండిపడ్డాడు. "వాళ్ళ బావి నీళ్ళు మేం తాగాల్నా? వంగిపోయినా సరే, ఆ పని చెయ్యం" అని తేల్చేశాడు. చదువుకున్నవాడు ఏదో వాగిపోయాడని అందరూ అనుకున్నారు. మర్నాడు పొద్దున్నే మంచినీళ్ళ బావి దగ్గర ఎప్పటిలాగే చేదల చప్పుడు. చేతిలో కాలుతున్న కొరివి పట్టుకుని వెచ్చగా ఉందని సంతోషించేవాళ్ళను ఏమంటారు? ఈ విషయం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎసరవ్వ ఒక్కతే ఆ బావికి పోవడం మానేసింది. బిందె ఎత్తుకుని వాగుకు పోయి, ఇసకలో చెలమ తవ్వుకుని తెచ్చుకునేది. దుత్త పెరట్లో బోర్లించింది. బావి చూడమని పక్క ఊరినుంచి బండి వస్తే, "నా చెవులు పోయినాయి, పొండి" అని తలుపేసుకుంది. వీధిలో కనబడ్డ ప్రతి తల్లినీ ఆపి, "ఆ నీళ్ళు పట్టొద్దే పిల్లకాయలకు" అనేది. "నువ్వే గదవ్వా మంచివన్నావు?" అని వాళ్ళంటే వెనక్కి తిరిగి ఇంటికి నడిచేది. అవ్వకు మతి తప్పిందని ఊళ్ళో అనుకున్నారు.

కొడుకు అడిగేవాడు. "ఏందిమా ఇది? ఇంటి ముందర బావి పెట్టుకుని వాగుకు పోతావు?"

"బావిలో పిల్లి పడింది" అనేది. మరో రోజు, "చేద తెగింది" అనేది. ఇంకోరోజు, "వాగు నీళ్ళు ఒంటికి చలువ, నోరు మూసుకుని తాగు" అని కసిరేది. అతను తల్లి పాదాల వైపు చూసి, సరేలే అనేవాడు. ఊళ్ళో మాట అతని చెవిన పడిందో లేదో నాకు తెలియదు. నేను నా బిడ్డను ఎత్తుకుని గిద్దలూరు వెళ్ళిపోయాను. వెళ్ళేటప్పుడు ఆమె బండి దాకా వచ్చింది. మా ఊరినుంచి ఎవరైనా మంచినీళ్ళు తెచ్చిపెడితే పారబొయ్యమని మరీ మరీ చెప్పింది.

మరుసటి ఏడు ఎండల్లో మా నాయనకు జ్వరమంటే చూడబోయాను. ఆ ఏడు దిగువపల్లె పాతబావి అడుగంటింది. ఆడవాళ్ళు బురద వడగట్టుకుని తాగారు. చివరికి పల్లెవాళ్ళంతా కలిసి, కూలికి పోయివచ్చాక పొద్దుగూకేదాకా తవ్వి, తమ పొలం గట్టున కొత్త బావి తీశారు. నీళ్ళు పడ్డాయి. వాళ్ళ పెద్దాయన, తెల్లమీసాలాయన, ఎసరవ్వ గుమ్మానికి దూరంగా నిలబడి దండం పెట్టాడు.

"మా తాతల కాడ్నుంచి మా నీళ్ళు ఎవురూ చూడలేదవ్వా. ఒకసారి నీ దుత్త పెట్టి చూడు. మంచివంటే చాలు, మా బిడ్డలు పప్పు తింటారు" అన్నాడు.

ఆమె పెరట్లోకి పోయి దుత్త తీసింది. మా దుకాణం ముందు నిలబడి, "పప్పియ్యి సెట్టీ" అంది. ఈసారి పుచ్చుల సంగతి ఎత్తలేదు. నాకు ఉండబట్టలేదు. మా అమ్మ వద్దని అరుస్తున్నా వినకుండా వెంట వెళ్ళాను.

పల్లె పల్లెంతా బావి చుట్టూ చేరింది. పిల్లలు అడ్డంపడుతున్నారు. ఎసరవ్వ రాళ్ళు పెట్టింది, మంట వేసింది, చెవి పెట్టింది. ఎవరినీ నోరు ముయ్యమనలేదు. నేను ఆమె మొహాన్నే చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆ మొహంలో రక్తం లేకుండా పోయింది. గింజ తీసి నొక్కింది. పసుపు పూసినట్టు పరుచుకుంది.

అది చూసి ఒకావిడ కేక పెట్టింది. ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. తెల్లమీసాలాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నవ్వుల్లో పళ్ళన్నీ తెల్లగా ఉన్నాయి.

"పూడ్చెయ్యండి" అంది ఎసరవ్వ.

వాళ్ళకు వినబడలేదు. గొంతు పెంచింది. "పూడ్చెయ్యండయ్యా! ఇవి తాగొద్దు. పాతబావినే లోతు తీసుకోండి."

నవ్వులు ఆగాయి. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక వయసు పిల్లగాడు ముందుకు వచ్చాడు. "ఊరి బావిలో ఇట్టా ఉడికితే దేవుడిచ్చిన నీళ్ళా? మా బావిలో ఉడికితే పూడ్చుకోవాల్నా? మాకు మంచినీళ్ళు పడితే మీరు ఓర్వలేరా అవ్వా?" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేముంది? అన్నాళ్ళు మా ఊరు చేసిన పనికి అంతకన్నా ఎక్కువే అనాలి. డాక్టరు చెప్పింది ఆమె చెప్పబోయింది. రాళ్ళు, విషం, సున్నం అని తడబడింది. వాళ్ళు నమ్మలేదు. తెల్లమీసాలాయన కూడా మొహం తిప్పుకున్నాడు. ఒకావిడ అప్పుడే బిందె ముంచడానికి వంగింది. పక్కన చిన్నపిల్ల దోసిలి పట్టింది.

ఎసరవ్వ చుట్టూ చూసింది. కొంచెం అవతల బీట్లో ఆమె కొడుకు గొర్రెపిల్లలతో ఉన్నాడు. గుంపు కేకలు విని ఇటే వస్తున్నాడు. ఆమె అతన్ని చూసింది. నా వైపు కూడా ఒకసారి చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోలేను. ఎదురుగా పోయి కొడుకు చెయ్యి పట్టుకుని గుంపు నడుమకు తీసుకువచ్చింది. అతని భుజం మీది కంబళి లాగి కింద పడేసింది. గూనిపడిన వీపు, చెక్కలాగ బిగిసిన మెడ, తోలు కింద లెక్కపెట్టగలిగిన ఎముకలు పట్టపగలు అందరి ముందర బయటపడ్డాయి. పిల్లలు వెనక్కి జరిగారు.

"చూసుకోండి" అంది. "వీడు పుట్టినప్పుడు ఈటెలాగ ఉన్నాడు. ఊరి బావిలో నీళ్ళు పడినప్పుడు నా చంకలో ఉన్నాడు. ఆ పొద్దు పప్పు ఉడికించింది నేనే, తాగండన్నది నేనే. మంచివనుకుని చెంబులు చెంబులు వీడితో తాగించింది నేనే. ఇదిగో, నేను ఉడికించిన పప్పు ఇదే. మీకూ ఇదే కావాల్నా?"

బిందె ముంచబోయిన ఆవిడ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. పక్కనున్న పిల్ల దోసిలి మీద తెల్లమీసాలాయన ఒక్కటి వేశాడు. నీళ్ళు కారిపోయాయి, పిల్ల ఏడ్చింది. ఆయన ఇంకేమీ మాట్లాడకుండా పార అందుకున్నాడు.

ఎసరవ్వ కొడుకు వైపు తిరిగింది, కానీ మొహం చూసే ధైర్యం లేదు. నేను దగ్గరికి పోయి నిలబడ్డాను.

అతను కర్ర ఊతంగా మెల్లగా కూలబడి కూర్చున్నాడు. దుత్తలో చెయ్యి పెట్టి ఒక గింజ తీసి, బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు.

"బాగా ఉడికిందిమా" అన్నాడు.

ఎసరవ్వ నోటినుంచి అప్పుడు ఒక అరుపు వచ్చింది. అట్లాంటి అరుపు నేను కానుపుల దగ్గర కూడా వినలేదు. అతను కంబళి వెతుక్కుని భుజాన వేసుకున్నాడు. తల్లి పాదాలు ఎక్కడున్నాయో చూసుకుని, తడుముకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పా మా, ఇంటికి పోదాం. వాళ్ళు బావి పూడ్చుకోవాల, మనం అడ్డం" అన్నాడు.